సముద్రం పులిస్తే మన కంచానికే చేటు

లోకమంతా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు సముద్రమే మింగుతోంది. అందువల్ల పైనీటి పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. తేడా చిన్నదే అనుకోకండి, ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగినట్టు. ఆల్చిప్పలకు గుల్ల, పగడాలకు గూడు కట్టుకోవడం కష్టమవుతుంది. రామేశ్వరం పక్కన మన్నార్ సింధుశాఖలో పగడపు దిబ్బలే ఎన్నో చేపపిల్లలకు పుట్టిల్లు. అవి పాడైతే చేప తగ్గుతుంది, ధర ఎక్కుతుంది. టానిక్కులు కొనలేని ఇంట్లో పిల్లలకు బలమిచ్చేది ఆ చేపే కదా! కనుక ఇది ఆరోగ్యం సంగతే అంటాం మేము. మద్రాసులో మన ఇంటి కరెంటులో కొంత ఎన్నూరు బొగ్గుదే. వచ్చే మీటింగులో సంఘం మిద్దె మీద సోలార్ పెట్టే మాట తేల్చుదాం.