ఓడరేవు డబ్బా, తాండూరు బండ

వికారాబాద్ వైపు పది గుంటలు కొనుక్కున్న హైదరాబాదు వాళ్లకు ఈమధ్య కంటైనర్ ఇంటి మీద మనసు పోతోంది. ట్రెయిలర్ మీద తెచ్చి క్రేన్‌తో దించేస్తే సరి. పాత ఇనుమును మళ్లీ వాడుకున్నామన్న తృప్తి అదనం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ పని పెద్దఎత్తున చేశారు. విద్యార్థులకు గదులు దొరక్క 2005-06లో కీట్‌వోనెన్ పేరుతో వెయ్యి కంటైనర్ల వాడ కట్టారు. మనిషికో 40 అడుగుల డబ్బా. వంటగట్టు, స్నానాలగది, చిన్న బాల్కనీ అన్నీ అందులోనే. స్థలం కొన్నేళ్లకే ఇచ్చారు కాబట్టి ఎత్తుకుపోగల ఇల్లు అవసరమైంది. నిజానికి అవి ఓడలెక్కి తిరిగిన పాత డబ్బాలు కూడా కావు, చైనాలో కొత్తగా చేయించినవి. అంత చలి ఊళ్లో కూడా డబ్బాల వరసల మీద మరో పైకప్పు వేశారు, వాన జారడానికి, వేడి తగ్గడానికి.

మన దగ్గర స్థలం సొంతం, ఎండాకాలం నలభై దాటుతుంది. ఎనిమిది అడుగుల వెడల్పులో వేడి ఆపడానికి లోపల పలకలు కొడితే ఉన్న జాగా ఇంకా ఇరుకవుతుంది. కిటికీకి గోడ కోస్తే బలం పోతుంది. చుట్టూ కొత్త ఇనప చట్రం వెల్డింగ్ చేయాలి. నేల చెక్కకు పురుగుమందు పట్టించి ఉంటుంది, అదీ మార్చుకోవాలి. ఇన్ని మార్చాక పాతది మిగిలేదెంత? చాలాచోట్ల కొత్త రేకులు అతికించి కంటైనరని అమ్మేస్తున్నారు కూడా. అసలు ఓడ డబ్బాకు తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు, తయారైన తేదీ చెక్కిన చిన్న పలక ఉంటాయి. అవి చూసే బయానా ఇవ్వాలి.

రేవు ఊళ్లో డబ్బాలు చవక. మన వికారాబాద్ వైపు తాండూరులో చవకైంది బండ. ఇక్కడి నాపరాయి పొరలుగా విడుతుంది. పాలిషింగ్ యూనిట్ల వెనక పగిలిన ముక్కలు గుట్టలుగా పడుంటాయి. ఆ ప్రాంతపు పాత ఇళ్లకు గోడలూ కప్పూ బండలే. తిరిగి వాడటమే ముఖ్యమైతే ముందు ఆ గుట్ట దగ్గరికి లారీ పంపడం మేలు.

కంటైనరే కావాలంటే ఒక్క గదికి చాలు. బండరాళ్ల దిమ్మెల మీద నిలబెట్టి, పైన గాలి ఆడేలా రెండో కప్పు వేసి, ముందు ముక్కబండలతో పెద్ద వరండా పరుచుకోవాలి. పడమటెండ పొట్టి గోడకే తగిలేలా డబ్బాను తూర్పు పడమరలుగా పెట్టాలి. వాస్తు చూసేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ తగువు ఇంటివాళ్లే తీర్చుకోవాలి.