ఈసారి ట్రంకు పెట్టె పాడుతుంది

"ఈసారి వార్షికోత్సవానికి ఏం నాటకం వేస్తున్నార్రా?" నెల రోజులుగా ఫోను చేసిన పాత విద్యార్థులందరూ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "సంగీత నాటకం అన్నా" అని చెప్పాం. "అయితే హరిశ్చంద్రే! కాటి సీను ఎవరు కడుతున్నారు?" అన్నారు. కాదు, కొత్తది, మేమే రాసుకున్నాం అనగానే అవతల కాసేపు మాట వినపడలేదు. "పాత్రలేంటి?" "ట్రంకు పెట్టె, స్టీలు కంచం, నీళ్ల బకెట్టు, సాంబారు గరిటె. పాటలన్నీ అవే పాడతాయి." ఈ మాటకు ఒక అన్న పగలబడి నవ్వాడు. ఇంకో అన్న ఫోను పెట్టేశాడు.

ఈ సంచిక మీ చేతికి అందిన రాత్రే ఆ నాటకం మన భోజనశాల ముందు వేస్తున్నాం. తెర లేవకముందే మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాం.

మీరు ఏం ఆశించి వస్తున్నారో మాకు తెలుసు. హార్మోనియం శ్రుతి పట్టాలి, పద్యం ఎత్తుకోవాలి, రాగం ఆకాశానికి అంటాలి, వెనక నుంచి "వన్స్ మోర్" వినపడాలి. కోటప్పకొండ తిరునాళ్లలో మన అమ్మానాన్నలు తెల్లవార్లూ కూర్చుని చూసినవి ఆ నాటకాలే. వాళ్ల ఒళ్లో నిద్రపోతూ లేస్తూ మేమూ చూశాం. ఆ రుచిని చిన్నబుచ్చే ఉద్దేశం మాకు లేదు. అందులోనూ కాటి సీను మనది. రాజు వచ్చి వీరబాహుడి దగ్గర కొలువు చేసే చోటు అది. అక్కడ వినిపించే పద్యాలు మన పల్నాడు బిడ్డ, 1895లో వినుకొండలో పుట్టిన జాషువా గారివి.

కానీ అన్నలారా, ఆ పద్యాలు అసలు నాటకంలోవి కావు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన నాటకం వేరు, శ్మశానం గురించి జాషువా గారు విడిగా రాసుకున్న ఖండిక వేరు. నటులే ఈ పద్యాలను తీసుకెళ్లి కాటి సీనులో పాడారు. కులం పేరుతో ఎన్నో అవమానాలు పడిన కవి మాట అలా పురాణ నాటకం నడిమధ్యకు వచ్చి కూర్చుంది. మొదటిసారి విన్నవాళ్లలో "ఇదేంటి, పుస్తకంలో లేనిది పాడుతున్నాడు" అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఇప్పుడు ఆ పద్యాలు పాడకుండా తెర దించి చూడమనండి, జనం ఊరుకుంటారా?

ఆ మాటకొస్తే హార్మోనియం మాత్రం మన ఊళ్లో పుట్టిందా? ఐరోపా నుంచి వచ్చిన పెట్టె. ఆ పెట్టె పాడితే ఒప్పుకున్న మనం, మన మంచం కింది పెట్టె పాడితే ఎందుకు ఒప్పుకోం?

ఇది సరదాకి అన్నమాట. అసలు అభ్యంతరం వేరే ఉందని మాకు తర్వాత తెలిసింది. ఒక ఆదివారం రిహార్సలుకు ఒక సీనియర్ అన్న వచ్చాడు. మంచి ఉద్యోగంలో ఉన్నాడు. పంపు దగ్గర బకెట్ల వరస పాట అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నాడు. గరిటె పాట మొదలయ్యాక నవ్వు ఆగిపోయింది. సాంబారులో పప్పు కోసం గరిటె ఈత కొడుతూ పాడే పాట అది. లేచి అన్నాడు: "అతిథులొస్తారు. మా ఇంట్లోవాళ్లు, పిల్లలు మొదటిసారి ఈ హాస్టలు చూడటానికొస్తారు. వాళ్ల ముందు నేను తిన్న నీళ్ల సాంబారు చూపించి నవ్విస్తారా? మన పరువు మనమే తీసుకుంటామా?"

మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన మాటలో తప్పు వెతకలేకపోయాం. ఈ హాలులోనే తిని, ఆ ఆకలిని దాటి, దాన్ని ఎవరికీ చెప్పకుండా బతకడం కూడా ఒక గౌరవమే. పాట తీసేద్దామని మాలో సగం మంది అన్నారు. మిగతా సగం మంది ట్రంకు పెట్టెను చూపించారు. నాటకంలో వాడుతున్న పెట్టె మా రెండో సంవత్సరం తమ్ముడిది. దాని మూత మీద మూడు పేర్లున్నాయి. చిన్నాన్నది, అన్నది, వాడిది. ఒక పేరు మీద రంగు పూసి ఇంకో పేరు రాశారు, అయినా కింది పేరు కనపడుతూనే ఉంటుంది. అది సిగ్గుపడాల్సిన పెట్టేనా? గరిటె పాట ఉంచాం. అయితే ఒకటి మార్చాం. ముందు రాసినదాంట్లో నవ్వు తినేవాడి మీదికి పోయేది. ఇప్పుడు గరిటె మీదే ఉంటుంది. ఇది ఆ అన్న చలవే.

కాబట్టి మా నుంచి పద్యాలు ఆశించకండి. సినిమా పాటలకు డ్యాన్సులూ మధ్యలో ఉండవు. కానీ ప్రేక్షకులుగా మీరు గట్టిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పాటలో ప్రతి మాటా వెనక వరసకు వినపడాలి. ఇందులో మేము మొదట ఘోరంగా తప్పాం. కంచాల మోతలో ఒక్క ముక్కా అర్థం కాలేదని చిన్న తరగతుల పిల్లలు చెబితేగాని తెలియలేదు. ఇప్పుడు చెంచాలకు గుడ్డ చుట్టాం. బోర్లించిన ప్లాస్టిక్ బకెట్టును అరచేత్తోనే వాయిస్తున్నాం. రిహార్సలు అయ్యాక కంచాలన్నీ తిరిగి తోమి పెట్టాల్సిందేనని మా కామాటి అన్న పెట్టిన షరతు కూడా తప్పకుండా పాటిస్తున్నాం. కథ తెలియాలి, గంటంపావులో అయిపోవాలి. అవ్వకపోతే రేపు పొద్దున టిఫిన్ దగ్గర మొహం మీదే చెప్పండి.

ఒక్క మనవి. బకెట్ల పాటకు మాత్రం దయచేసి "వన్స్ మోర్" అనొద్దు. ఆ వరసలో చివర నిలబడ్డ చిన్నోడికి పాట అయిపోతేనే నీళ్లొస్తాయి. మీరు మళ్లీ పాడిస్తే వాడు మళ్లీ మొదటికి వెళ్లాలి.

భోజనాలు కాగానే, ఏడున్నరకు మొదలుపెడతాం. కంచం కడుక్కుని వెంట తెచ్చుకోండి, ఆఖరి పాటకు మీరూ దరువు వేయాలి. ఆ సీనియర్ అన్న తప్పకుండా వస్తానన్నాడు. పిల్లల్ని తెస్తాడో లేదో చెప్పలేదు. ముందు వరసలో నాలుగు కుర్చీలు వేసి ఉంచాం.