నక్షత్రం ఎవరికి దారి చూపాలి?

డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్లపై నక్షత్రాలు వెలుగుతాయి. మంత్రాలయంలో మా ఇంటిమీద కట్టుకుంటే అడిగేవారు లేరు. కానీ కర్నూలులో అపార్ట్‌మెంటులో ఉంటున్న మా సంఘ కుటుంబానికి నిరుడు చిక్కొచ్చిపడింది. బాల్కనీ బయట నక్షత్రం కట్టరాదని అక్కడి అసోసియేషన్ నోటీసు అంటించింది. ‘దీపావళికి లేని నిబంధన మనకే ఎందుకయ్యగారూ?’ అని ఆ ఇంటాయన బాధపడ్డాడు. ‘తీయొద్దు, విశ్వాసంలో రాజీ వద్దు’ అని నేను ఫోనులోనే తీర్పు చెప్పేశాను.

వారం తర్వాత వెళ్లి చూశాను. నక్షత్రం వైరు అందరూ నడిచే మెట్లమీదుగా పోతోంది. ఆరి వెలిగే ఆ కాంతి ఎదురింట్లో మంచాన పడిన పెద్దావిడ కళ్లలో రాత్రంతా పడుతోంది. అంతకుముందు ఏడాది కట్టినది ఫిబ్రవరి దాకా తీయనే లేదట! నా తీర్పుకు నేనే సిగ్గుపడ్డాను.

దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో గురించి మా ఊళ్లో ఒక కథ చెబుతారు. మఠం భూముల విచారణకు వచ్చిన ఆయన బూట్లు, టోపీ తీసి లోపలికి వెళ్లాడట. తర్వాత జరిగినదానిపై ఎవరి నమ్మకం వారిది. పొరుగువారి గడపను గౌరవించినంత మాత్రాన క్రైస్తవుడి విశ్వాసం తరిగిపోదన్నదే నాకు అందులోని పాఠం.

అలాగని ఆ ఇంటాయన ప్రశ్న తప్పు కాదు. నిబంధన ఉండటం అన్యాయం కాదు, పండుగకొక నిబంధన ఉండటం అన్యాయం. స్వదేశికీ పరదేశికీ ఒకే విధి ఉండాలన్నది మోషే ధర్మశాస్త్రం (లేవీ 24:22). అందుకే ముందు మా వైరు తీయించి, ఎదురింటివారికి క్షమాపణ చెప్పి, ఆ తర్వాతే అసోసియేషన్ పెద్దల దగ్గరికి వెళ్లాం. ఏ పండుగ అలంకరణ అయినా బాల్కనీ లోపలే ఉండాలి, రాత్రి పదికి దీపాలు ఆర్పాలి, పండుగ తర్వాత రెండు వారాల్లో తీసేయాలి, మెట్లమీద వైర్లుండకూడదు అని అందరికీ కలిపి రాయమన్నాం. వాళ్లు ఒప్పుకున్నారు.

తూర్పు జ్ఞానులకు కనిపించిన నక్షత్రం శిశువున్న చోటికి వచ్చి నిలిచిపోయింది (మత్తయి 2:9). తనవైపు కాక ఆయనవైపు చూపించింది. మనం కట్టే నక్షత్రం ఎదురింటివారి నిద్ర చెడగొడితే అది ఎవరి దగ్గరికి దారి చూపినట్టు? ఈసారి నక్షత్రం కట్టేముందు ఒక్కసారి ఎదురింటి తలుపు తట్టండి. క్రిస్మస్ అక్కడే మొదలవుతుంది.