పిట్టల కబుర్లు పనికిమాలినవా?

"మీ ఇంట్లో డిసెంబరాలు పూశాయా వదినా?"

"పూశాయమ్మా, కానీ ఈ ఏడు ఎందుకో ఆలస్యం. మీ డాబా మీదికి తోకూపే పిట్ట వచ్చిందా?"

"కార్తీకంలోనే వచ్చేసింది. పొద్దున లేచి చూస్తే పిట్టగోడ మీద ఒకటే షికార్లు!"

చలికాలం వాకింగ్‌లో మా ఐదుగురి మాటలూ ఇలాగే మొదలవుతాయి. మొన్న ఎదురుగా వస్తున్న ఒక పెద్దమనిషి ఇది విని, "పొద్దున్నే మొదలెట్టారా అమ్మలక్కల కబుర్లు!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆయనా, ఆయన స్నేహితుడూ అప్పటిదాకా మాట్లాడుకుంటున్నది క్రికెట్ గురించి. వాళ్లది చర్చ, మాది మాత్రం కబుర్లు!

మాలో ఒకరు స్కూలు టీచరు. ఒకరు ఇంట్లోనే మిషను కుట్టుకునే అక్క. ఇంకొకరు నర్సుగా చేసి రిటైరైనావిడ, మేమంతా సిస్టర్‌గారూ అని పిలుస్తాం. అందరిలోకీ చిన్నది మా ఎదురింటివాళ్ల కోడలు. చెట్లన్నా పిట్టలన్నా ప్రాణం పెట్టడం తప్ప మాలో ఎవరికీ పెద్ద చదువుల శాస్త్రం తెలీదు. అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే బైనాక్యులర్స్. అదీ టీచరుగారి అబ్బాయిది.

క్రిస్మస్ ముందు వచ్చే ఆదివారం మాకు పండగే. గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్తాం. సిస్టర్‌గారు కేకు తెస్తారు. ఆవిడ ఇంటిమీద అప్పటికే కాగితపు నక్షత్రం వెలుగుతుంటుంది. మా వాకిళ్లలో నెల ముగ్గులు మొదలై ఉంటాయి. ఫ్లాస్కులో టీ పోసుకుని, శాలువాలు కప్పుకుని చెరువు గట్టున కూర్చుంటాం. ఎదురుగా చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు. కొమ్మలు చాలక అవి నిలబడడానికి చెరువులో ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు.

పోయినేడు అక్కడ ఎవరో పిల్లలకి చెబుతున్నారు, "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవి" అని. మా టీచరుగారు ఊరుకోలేదు. "లేదు నాయనా, గూడబాతూ, ఎర్రకాళ్ల కొంగా మన దేశం పిట్టలే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి చేరి పిల్లల్ని పెడతాయి. నిజంగా దూరాన్నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. మీ డాబా మీద తోకూపుకుంటూ తిరిగే బుల్లిపిట్ట ఉందే, అది హిమాలయాల నుంచీ, ఇంకా ఉత్తరాన చలిదేశాల నుంచీ వస్తుంది" అన్నారు. గుప్పెట్లో పట్టే పిట్ట అంత దూరం వస్తుందంటే ఆ పిల్లలు నోళ్లు తెరిచేశారు.

గూడబాతు పిల్లలు తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేపలు తింటాయి. అది చూసి మిషను అక్క, "మావాడూ అంతే, బడి నుంచి వస్తూనే ఫ్రిజ్‌లో తల పెట్టేస్తాడు" అంది. గట్టు మీద ఎంతసేపు నవ్వుకున్నామో! అక్కడినుంచి మాటలు పిల్లల పెంపకం మీదికీ, మోకాళ్ల నొప్పుల మీదికీ, ఆఖరికి సరుగుడు కొమ్మ నరకకుండా కుండీలో మొక్కకే క్రిస్మస్ దీపాలు కట్టిన సిస్టర్‌గారి తెలివి మీదికీ వెళ్లాయి.

ఈ ఏడు మాత్రం ఎదురింటి కోడలు రానంది. కారణం అడిగితే మొదట తలనొప్పి అంది. తర్వాత మెల్లిగా చెప్పింది. "పిట్టల్ని చూసి ఏం సాధిస్తావు? అదే టైములో ఇంట్లో నాలుగు పనులవుతాయి కదా అంటున్నారండీ. జవాబు చెప్పలేకపోయాను" అని.

ఆ మాట నన్ను గుచ్చుకుంది. ఎందుకంటే ఒకప్పుడు అదే ప్రశ్న నేనూ వేశాను, మా అమ్మని.

మా ఊళ్లో ఇంటి వెనకే చెరువు. నెల పట్టిన దగ్గర్నుంచీ అమ్మ చీకటితో లేచి కల్లాపి చల్లి ముగ్గు వేసేది. గొబ్బెమ్మలు పెడుతూ పక్కింటి పిన్నితో, "ఈ ఏడు పరజలు తక్కువ దిగాయి చూశావా?" అనేది. "పోయినేడు ఈపాటికి చెరువు నల్లగా ఉండేది" అని పిన్ని అనేది. నేను పరీక్షలకి చదువుకుంటూ, "అబ్బ, పొద్దున్నే మీ పిట్టల గోలేంటే? వేరే పనిలేదా?" అని విసుక్కునేదాన్ని. అమ్మ ఏమీ అనలేదు. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆ మాటలు మానేసింది, అంతే.

ఇప్పుడు అమ్మ లేదు. చెరువూ లేదు, పూడ్చి ప్లాట్లు వేశారు. ఆ చెరువులో ఏయే పిట్టలు దిగేవి, ఏ నెలలో వచ్చేవి, ఎప్పటినుంచి తగ్గిపోయాయి? చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అదంతా అమ్మకీ పిన్నికీ తెలుసు. ముప్ఫై ఏళ్ల లెక్క వాళ్ల నోటిమీద ఉండేది. మేము దాన్ని కబుర్లన్నాం. అందుకే ఎవరూ రాసి పెట్టలేదు.

మరి అదే పని వేరేచోట చేస్తే ఏమంటారో తెలుసా? అమెరికాలో క్రిస్మస్ పిట్టల లెక్క అని ఒకటుంది. అక్కడ ఒకప్పుడు పండగపూట తుపాకులు పట్టుకుని వెళ్లి, ఎవరు ఎక్కువ పిట్టల్ని కొడితే వాళ్లు గొప్ప అనే ఆట ఉండేదట. ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన, చంపడం మానేసి లెక్కపెడదాం రండి అని పిలిచాడు. 1900 సంవత్సరం డిసెంబరు 25న 27 మంది, 25 చోట్ల లెక్కపెట్టారు. ఇప్పటికీ ఏటా డిసెంబరు 14 నుంచి జనవరి 5 దాకా ఆ లెక్క సాగుతూనే ఉంది. లెక్కపెట్టేది ఎక్కువగా మామూలు మనుషులే. చలిలో స్నేహితులతో కబుర్లాడుకుంటూ తిరిగి, చూసిన పిట్టల్ని కాగితం మీద పెడతారు. ఏ పిట్ట తగ్గుతోందో, ఏది పెరుగుతోందో శాస్త్రవేత్తలు ఆ కాగితాలు చూసి చెబుతారు. మన దేశంలోనూ 1987 నుంచి ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతోంది. అందులోనూ ఔత్సాహికులే ఎక్కువ.

అంతెందుకు, అస్సాం ఆడవాళ్లని చూడండి. అక్కడ హర్గిలా అనే పెద్ద కొంగ ఉంది. బట్టతల, మెడకింద వేలాడే సంచీ. కుళ్లిన మాంసం తింటుందని, కంపు అని, అది గూడు కట్టిన పెరటి చెట్లని కొట్టేసేవారు. పూర్ణిమాదేవి బర్మన్ అనే ఆవిడ ఊరి ఆడవాళ్లని కూడగట్టింది. వాళ్లు ఉపన్యాసాలివ్వలేదు. గుడ్లు పెట్టే వేళ ఆ కొంగలకి సీమంతం చేశారు! పాటలు పాడారు, చీరల మీద ఆ కొంగ బొమ్మ నేశారు. అసహ్యించుకున్న పిట్ట ఇంటి ఆడపడుచైంది. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం పూర్ణిమాదేవికి 'చాంపియన్స్ ఆఫ్ ద ఎర్త్' పురస్కారం ఇచ్చింది. ఆలోచించండి, సీమంతమూ పాటలూ చీరలూ అన్నీ మన 'అమ్మలక్కల' సరుకు కాదూ?

అలాగని పిట్టల్ని చూసే ప్రతి ఆడదీ ఏదో సాధించి చూపించాలని నేననను. అసలు నా గొడవే అది. మగవాళ్లు టీకొట్టు దగ్గర గంటసేపు నిలబడితే ఏం సాధించావని ఎవరూ అడగరు. ఆడది గడపదాటి అరగంట చెరువుగట్టున కూర్చుంటే మాత్రం లెక్క చెప్పాలి. గుడికో, బజారుకో, డాక్టరు దగ్గరికో అయితే సరే. ఊరికే చూడ్డానికి, మనసుకి హాయిగా ఉందని వెళ్లకూడదా? ఆ హాయి కూడా ఒక అవసరమే. మంచులో ఎగిరే కొంగని చూసి ఇంటికొచ్చిన రోజు నాకు పిల్లల మీద కోపం రాదు. ఇంట్లోవాళ్లకి ఆ లాభం చాలదూ?

నేను ఎదురింటికి వెళ్లి ఆ అమ్మాయి అత్తగారితోనే మాట్లాడాను. వాదించలేదు. "వదినగారూ, మీ చిన్నప్పుడు మీ ఊళ్లో చలికాలం ఏ పిట్టలు వచ్చేవండీ?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి మొదలుపెట్టారు. కాఫీ చల్లారిపోయింది, ఆవిడ చెప్పడం ఆపలేదు. కోడలు తలుపు దగ్గర నిలబడి వింటూనే ఉంది. ఈ ఆదివారం అత్తాకోడళ్లిద్దరూ వస్తామన్నారు.

అందుకే చెబుతున్నాను. మన కబుర్లకి మనమే సిగ్గుపడడం మానేద్దాం. పాలలెక్క రాసే క్యాలెండరు మీదే డిసెంబరాలు ఏ రోజు పూశాయో, తోకూపే పిట్ట ఎప్పుడొచ్చిందో ఒక ముక్క రాసి పెడదాం. అమ్మ బతికి ఉంటే అడిగి రాసుకోండి. నేను ఆ పని చెయ్యలేదు.

ఇంతకీ, మీ ఇంట్లో డిసెంబరాలు పూశాయా?