గాలిలో వచ్చే రిపేరుకీ ఒక పేరుండాలి

బండి తయారీలో ప్రమాదకరమైన లోపం బయటపడితే, కంపెనీ అలాంటి బళ్లన్నిటినీ వెనక్కి రప్పించి ఉచితంగా బాగుచేసి ఇవ్వాలి. దీన్నే రీకాల్ అంటారు. ఇప్పుడు చాలా బళ్లకు ఇంటర్నెట్ ఉంది కాబట్టి కొన్ని లోపాలు షెడ్డుకు వెళ్లకుండానే సరైపోతున్నాయి. బండి ఇంటి ముందు నిలబడి ఉండగానే కొత్త సాఫ్ట్‌వేర్ దిగిపోతుంది. ఇలాంటి దాన్ని కూడా రీకాల్ అనడం తప్పనీ, ఆ మాటకి కాలం చెల్లిందనీ టెస్లా అధిపతి ఇలాన్ మస్క్ 2023లో అన్నారు. మాటల సంగతి కాబట్టి తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లం మనమూ ఆలోచించవచ్చు. నా ఉద్దేశంలో ఆ మాట ఉండాల్సిందే.

రీకాల్‌లో రెండు పనులున్నాయి. ఒకటి, బాగుచేయడం. రెండోది, లోపం ఉందని అందరికీ తెలిసేలా ఒప్పుకోవడం. మొదటిది గాలిలో జరిగిపోవచ్చు. రెండోదాన్ని గాలికి వదిలేయకూడదు.

2022లో అమెరికాలో టెస్లా 53,822 కార్లను రీకాల్ చేసింది. వాటి సెల్ఫ్ డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్ స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగకుండా, మెల్లగా దాటిపోయేలా రాసి ఉంది. ఆ గుణం 2020లో ఒక అప్‌డేట్‌తోనే వచ్చింది. అంటే మందు వచ్చిన దారిలోనే అంతకు ముందు జబ్బూ వచ్చింది. రీకాల్ కాగితాల్లో ఇదంతా రాయాల్సి వచ్చింది కాబట్టే మనకి తెలిసింది.

2024లో అదే కంపెనీ దాదాపు 22 లక్షల కార్లను రీకాల్ చేసింది. కారణం, బ్రేకు, పార్కింగ్ హెచ్చరికల అక్షరాలు మరీ చిన్నగా ఉండడం. దీనికా ఇంత గోల అని నవ్వొచ్చు. కానీ చదవలేని హెచ్చరిక లేనట్టే లెక్క.

బెంగళూరులో మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడ. మా ఎలక్ట్రిక్ స్కూటర్‌ది మాత్రం ఇంగ్లీషు. అప్‌డేట్ వచ్చిందని ఫోన్‌లో కనబడితే అమ్మ 'తర్వాత' అని నొక్కేస్తుంది. పనితీరు మెరుగుపరిచాం అని ఒక్క ముక్క రాస్తే, అది స్క్రీన్ రంగుల కోసమో బ్రేకు కోసమో అమ్మకి ఎలా తెలుస్తుంది?

కంపెనీల మాటలోనూ నిజం లేకపోలేదు. రీకాల్ అనగానే జనం బెదిరిపోతారు. షోరూముకి వెళ్లే తీరిక లేక బండి బాగుచేయించని వాళ్లూ ఉంటారు. ఇంటికే వచ్చే రిపేరు వాళ్లకి మేలే. పద్ధతిని మెచ్చుకుందాం, పేరు మాత్రం తీసేయొద్దు.

మన దేశంలో 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ చేర్చారు. నడిపేవాళ్లకే కాదు, రోడ్డు మీద ఉన్న ఇతరులకి హాని కలిగేలా ఉన్నా కేంద్రం రీకాల్‌కి ఆదేశించవచ్చు. కంపెనీ తనంతట తానే లోపం చెప్పుకుని రీకాల్ మొదలుపెడితే జరిమానా ఉండదు. ఒప్పుకున్నవాళ్లకి చట్టమే మర్యాద ఇస్తోంది. బండి లేని మనకీ ఇందులో వాటా ఉంది. బస్సు దిగి కాలేజీ గేటు దాకా రోడ్డు దాటేది మనమేగా!

అందుకే, భద్రత కోసం వచ్చే ప్రతి అప్‌డేట్ మీదా రీకాల్ అని పెద్ద అక్షరాల్లో ఉండాలి. లోపం ఏమిటి, దానివల్ల ఏం జరగొచ్చు, ఎప్పటిలోగా వేసుకోవాలి అన్న మూడు సంగతులూ బండి వాడేవాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. క్రికెట్ కామెంటరీ కన్నడలోనూ తెలుగులోనూ వినిపిస్తున్న రోజుల్లో, బ్రేకు సంగతి రెండు వాక్యాల్లో చెప్పలేరా?