బొమ్మబండికి చేతిపిడి
అమెరికాదేశమున పూర్వపు గూడ్సుపెట్టెలకు నమూనాలు చేయువారు 40 అడుగుల పెట్టెను 87వ వంతునకు కుదించి సుమారు 5½ అంగుళములలో నిలుపుదురు. వెండ్రుకవంటి చేతిపిడిని సైతము ఉండవలసిన చోటనే అమర్చుదురు. ఇంత పట్టుదల యేలయని మేమును మొదట నవ్వితిమి. పిమ్మట కారణము తెలిసినది. ఆ కాలమున ఇనుపలంకెను మేకును చేతితో తగిలించి పెట్టెలను కలుపు పనివారనేకులు వ్రేళ్లు పోగొట్టుకొనిరి. కదలు బండి పైకప్పున నడచి బ్రేకులు త్రిప్పుచు పలువురు పడి మరణించిరి. ఐయోవా రైతు లొరెంజో కాఫిన్ ఏండ్లతరబడి పోరాడెను. తుదకు 1893లో, తమంతట తగులుకొను కొక్కెములను, గాలిబ్రేకులను, చేతిపిడులను విధించు చట్టము వెలసెను. 1880 నాటి పెట్టెకు నేటి కొక్కెము తగిలించిన బొమ్మ అందముగానే యుండును. కాని ఆ పోయిన వ్రేళ్ల కథను మరపించును. పిల్లల చేతికి బొమ్మ నిచ్చునపుడు, ఆ పిడి యెందుకున్నదో కూడ చెప్పుదము.