రెండ్రోజులు ఆగాల్సిన ముద్ద

పెద్ద గిన్నెలో సలసలా మరిగిన నీళ్లు. వాటిలో గుప్పెళ్లతో చల్లిన తెల్లటి రవ్వ. రెండు నిమిషాలు మూతపెట్టి, నీళ్లన్నీ పీల్చుకున్నాక తెడ్డుతో కలియతిప్పితే మెత్తటి ముద్ద సిద్ధం. నైజీరియాలో దీన్ని ఎబా అంటారు. మనవాళ్లు చూస్తే సంకటే అనుకుంటారు. కాకపోతే పొయ్యిమీద ఉడికించే పనిలేదు, రవ్వ ముందే వేగి ఉంటుంది కాబట్టి.

తినే తీరూ మనకు కొత్తకాదు. కుడిచేత్తో చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో గుంటచేసి, పుచ్చజాతి గింజల పొడితో వండే ఎగుసి సూపో, జిగురుజిగురుగా ఉండే బెండకాయ సూపో అందులోకి తీసుకుంటారు. నమలకుండా మింగేసేవాళ్లే ఎక్కువ!

ఎబా అయిదు నిమిషాల పనే. కష్టమంతా ఆ రవ్వలోనే ఉంది. దాని పేరు గారీ. గోదావరి జిల్లాల్లో సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలం నుంచే దాన్నీ చేస్తారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ దుంపను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు ఆఫ్రికాకు చేర్చారు. ఇప్పుడు ప్రపంచంలో అత్యధికంగా పండిస్తున్నది నైజీరియానే.

అయితే చేదురకం దుంపల్లో సయనైడ్‌ను విడుదలచేసే పదార్థం దండిగా ఉంటుంది. అందుకే చెక్కుతీసి, తురిమి, సంచుల్లో నింపి, మీద బరువులు పెట్టి రెండుమూడు రోజులు వదిలేస్తారు. తురుము పులుస్తుంది. కారే నీళ్లతోపాటు విషమూ చాలావరకు పోతుంది. తరవాత జల్లించి, వెడల్పాటి పెనంమీద కలుపుతూ వేయిస్తే మరికొంత ఆవిరైపోతుంది. ఆ పొగలో గంటలతరబడి కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. తురుములో కాస్త ఎర్ర పామాయిల్ కలిపితే పసుపు గారీ వస్తుంది.

పులియడం రుచికోసమేగా, ఒకరోజు తగ్గిస్తే ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు. ఖండానికి అటుపక్కనున్న మొజాంబిక్‌లో ఈ దుంపల్ని ఎండబెట్టి పిండి చేసుకోవడం అలవాటు. 1981లో అక్కడ కరవొచ్చింది. తినడానికి చేదు దుంపలే మిగిలాయి. అవి పూర్తిగా ఎండేదాకా ఆగే ఓపిక ఆకలికి ఎక్కడిది? వెయ్యిమందికి పైగా కాళ్లు చచ్చుబడ్డాయి. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. ఆ జబ్బునే కొంజో అంటారు.

నైజీరియాలోని ఇజెబు ప్రాంతపు గారీ మాత్రం బాగా పులిసిన పుల్లదనానికే పేరుపొందింది. హాస్టల్ కుర్రాళ్లకైతే దాంతో ఎబా చేసుకునే ఓపిక కూడా ఉండదు. చన్నీళ్లలో వేసి, పంచదారా వేయించిన పల్లీలూ కలిపి, చెంచాతో తాగేస్తారు.